ఎడారి దారిలో అపరిచితులు: 'ఆడుజీవితం', 'సోలీటో' రచనల్లో దయ – తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

ప్రాణాపాయంతో కూడిన వలస ప్రయాణాలను చిత్రించిన రచనల్లో ముక్కూమొహం తెలియని మనుషులు చేసే సహాయం తరచుగా కనిపించే ఘట్టం. ఆ సహాయాన్ని 'మానవత్వానికి నిదర్శనం' అనో, 'దైవసంకల్పం' అనో చెప్పి సరిపెట్టడం పరిపాటి. బెన్యామిన్ మలయాళ నవల 'ఆడుజీవితం' (2008), హావియేర్ సమోరా ఆత్మకథనాత్మక రచన 'సోలీటో' (2022) – ఈ రెండింటిలో అపరిచితుల దయ ఏ రూపాల్లో వ్యక్తమైందో, సహాయం చేసినవారిని కథనం చివరికి ఎక్కడ నిలిపిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. రంతిదేవుని కథ వంటి సంప్రదాయ కథనాల్లో అన్నం అడిగినవాడు దైవం, పెట్టినవాడు మనిషి. ఆధునిక వలస కథనంలో ఈ స్థానాలు తారుమారయ్యాయి. ఈ తారుమారు వెనుక వలసజీవి కోల్పోయిన హక్కు ఉన్నదనీ, సహాయకుణ్ణి దైవంగా మాత్రమే చూడటం వల్ల అతడి సొంత కష్టం పాఠకుడి దృష్టిలో పడకుండా పోతుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వలస సాహిత్యం, అపరిచితుల దయ, ఆడుజీవితం, సోలీటో, రంతిదేవుడు, కఫాలా, గల్ఫ్ వలస, తులనాత్మక విమర్శ

1. ప్రవేశిక

వలస సాహిత్యంపై జరిగిన చర్చలో వలసకు దారితీసిన కారణాలు, వెళ్ళిన చోట ఎదురైన దోపిడీ, ఇంటివద్ద మిగిలినవారి ఎదురుచూపు అనే మూడు అంశాలకు ఎక్కువ ప్రాధాన్యం లభించింది. వీటి నడుమనుండే ప్రయాణం కథను ఒక చోటినుంచి మరొక చోటికి చేర్చే సాధనంగానే చాలావరకు పరిగణనకు వచ్చింది. ప్రయాణమే ప్రాణాంతకంగా మారిన రచనల్లో ఈ దృష్టి సరిపోదు. అక్కడ ప్రయాణమే కథ. ఆ ప్రయాణంలో బతికి బయటపడటం ప్రయాణికుడి ధైర్యం మీద ఎంత ఆధారపడుతుందో, దారిలో తారసపడిన మనుషుల మీద కూడా అంతే ఆధారపడుతుంది.

ఈ మనుషులు కథలోకి ముందస్తు పరిచయం లేకుండా వస్తారు. గుక్కెడు నీళ్ళు పోస్తారు, వాహనం ఆపుతారు, భుజాన మోస్తారు. తరువాత కథ వారిని వదిలి ముందుకు సాగుతుంది. వారు ఎవరు, వారికి ఆ సహాయం చేయగలిగే అవకాశం ఎలా కలిగింది, చేసినందుకు వారు ఏం కోల్పోయారు, తరువాత ఏమయ్యారు అన్న ప్రశ్నలు సాధారణంగా విమర్శలో చోటుచేసుకోవు. ఈ ప్రశ్నలనే ప్రధానంగా తీసుకొని రెండు రచనలను ఇక్కడ పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

'ఆడుజీవితం' సౌదీ అరేబియా ఎడారిలో మేకల కాపరిగా బందీ అయిన నజీబ్ అనే కేరళ కార్మికుడి కథ. మలయాళంలో 'ఆడు' అంటే మేక. ఒక వాస్తవ వ్యక్తి అనుభవం ఆధారంగా, చాలాకాలం బహ్రెయిన్‌లో ఉద్యోగం చేసిన బెన్యామిన్ దీనిని రచించారు. 2009లో కేరళ సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఈ నవలను జోసెఫ్ కోయిప్పళ్ళి ఆంగ్లంలోకి అనువదించారు (2012). 2024లో బ్లెస్సీ దర్శకత్వంలో వచ్చిన చలనచిత్రం ద్వారా తెలుగు ప్రేక్షకులకూ ఈ కథ చేరువైంది. 'సోలీటో' ఎల్ సాల్వడోర్ దేశంలోని లా ఎర్రదూరా అనే ఊరినుంచి 1999లో, తొమ్మిదేళ్ళ వయసులో, అమెరికాలోని తల్లిదండ్రుల వద్దకు బయలుదేరిన కవి హావియేర్ సమోరా స్వీయకథ. ఒకటి నవల, మరొకటి స్వీయకథ. ఒకటి ఎడారినుంచి ఇంటికి పారిపోవడం, మరొకటి ఇంటినుంచి ఎడారి దాటి వెళ్ళడం. ప్రక్రియలోనూ దిశలోనూ భిన్నమైనవైనా రెండింటిలోనూ ఎడారి ఉంది, దాహం ఉంది, అపరిచితుల చేయూత ఉంది, చివరికి ఆ చేయూతనిచ్చినవారి అదృశ్యం ఉంది. ఈ సామ్యమే తులనకు ఆధారం.

2. దాత, అతిథి: సంప్రదాయం చూపిన స్థానాలు

దారిన పోయేవారికి అన్నపానీయాలు ఇవ్వడం తెలుగు సమాజానికి కొత్త విషయం కాదు. వేసవిలో చలివేంద్రాలు, దారి పొడవునా సత్రాలు, ఊరూరా పూటకూళ్ళ ఇళ్ళు బాటసారి అవసరాన్ని గుర్తించిన వ్యవస్థలు. పూటకూటింట సొమ్ము చెల్లించాలి, సత్రంలో అక్కరలేదు. రెండు చోట్లా బాటసారి రావడం మాత్రం అందరూ ఊహించిన విషయమే. ఊరుగాని ఊరివాడు గడప తొక్కితే ఆశ్చర్యపోవలసిన పని లేదు.

సాహిత్యంలో ఈ భావనకు పరాకాష్ఠ పోతన భాగవతం నవమస్కంధంలోని రంతిదేవుని కథ. నలభై ఎనిమిది రోజులు ఆహారం లేక కృశించిన ఆ రాజు, చివరకు లభించిన అన్నాన్ని ఒకరి తరువాత ఒకరుగా వచ్చిన అతిథులకు పంచిపెడతాడు. ఒక్కరికి మాత్రమే సరిపోయే నీళ్ళు మిగిలినప్పుడు దాహంతో వచ్చిన చండాలునికి వాటిని ఇచ్చేస్తాడు. ఆ వచ్చినవారు దేవతలే అని కథ చివర తెలుస్తుంది. ఈ కథలో స్థానాల కూర్పును గమనించాలి. అడిగినవాడు దైవం, ఇచ్చినవాడు మనిషి. ఇచ్చినవాడి ఆకలి, దాహం, శరీర దౌర్బల్యం కథలో చివరిదాకా కనిపిస్తూనే ఉంటాయి. అవి కనిపించడం వల్లనే ఆ దానానికి విలువ ఏర్పడింది. అతిథిని దైవంగా భావించమన్న ఉపనిషద్బోధలోనూ ఇదే కూర్పు ఉంది. దైవత్వం వచ్చినవాడికి చెందింది. అంటే అన్నం అడగడం అతడికి ఉన్న అర్హత.

దాతను దైవంతో పోల్చిన సందర్భాలు లేకపోలేదు. కోనసీమలోని లంకల గన్నవరంలో బాటసారులకు వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మను (1841–1909) 'అపర అన్నపూర్ణ' అన్నారు. ఆ బిరుదు ఆమె పేరుకు తోడైంది తప్ప పేరును చెరిపివేయలేదు. ఆమె ఊరు, ఇల్లు, కాలం ప్రజల జ్ఞాపకంలో నిలిచాయి. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మధ్యాహ్న బడి భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది. ఎవరు పెట్టారు, ఎక్కడ పెట్టారు, ఎలా పెట్టారు అన్న వివరం మిగిలి ఉన్నందువల్లనే ఒక వ్యక్తి చేసిన పని ఒక వ్యవస్థకు పేరు కాగలిగింది. ఆధునిక వలస కథనంలోని అపరిచితులకు ఈ అవకాశం దాదాపు లేదు. ఆ తేడాను గ్రహించడానికే ఈ సంప్రదాయ ప్రస్తావన.

3. 'ఆడుజీవితం': మూడు సహాయాలు

'ఆడుజీవితం' జైలు, ఎడారి, పలాయనం, ఆశ్రయం అనే నాలుగు భాగాలుగా సాగుతుంది. రియాద్ విమానాశ్రయంలో దిగిన నజీబ్‌ను, అతడితో వచ్చిన యువకుడు హకీమ్‌ను ఒక 'అర్బాబ్' తన వాహనంలో ఎక్కించుకొని ఎడారికి తీసుకుపోతాడు. మూడేళ్ళకు పైగా నజీబ్ మేకల మధ్య, స్నానానికి నీళ్ళు లేక, మాట్లాడే మనిషి లేక బతుకుతాడు. ఆ చెరనుంచి బయటపడటంలో అతడికి మూడు సహాయాలు అందుతాయి. వాటి స్వభావాలు వేరు వేరు.

మొదటిది ఇబ్రహీం ఖాదిరి సహాయం. హకీమ్ ఉన్న మందలోకి పనికి వచ్చిన సోమాలియా దేశీయుడతడు. యజమానులు పెళ్ళికి వెళ్ళిన రాత్రి ముగ్గురూ పారిపోతారు. దిక్కు తెలియని ఇసుకలో రోజుల తరబడి నడుస్తారు. దాహం భరించలేక హకీమ్ మతిచలించి మరణిస్తాడు. ఇబ్రహీం మాత్రం నజీబ్‌ను వదలకుండా నడిపిస్తాడు. ఒయాసిస్సు కనిపించినప్పుడు ఆత్రంగా నీళ్ళమీద పడబోయిన నజీబ్‌ను అతడు ఆపుతాడు. ముందు పెదవులు తడిపి, చుక్క చుక్కగా గొంతులోకి పోస్తాడు. ఎండిపోయిన శరీరం ఒక్కసారిగా నీటిని తట్టుకోలేదని అతడికి తెలుసు. నవలలో దయకు సంబంధించిన అత్యంత సూక్ష్మమైన చిత్రణ ఇదే. నీళ్ళకోసం తపిస్తున్నవాణ్ణి ఆపడం ఆ క్షణానికి క్రూరత్వంగా కనిపిస్తుంది. నిజానికి అది అనుభవంవల్ల అబ్బిన విద్య. ఎడారిలో జాలి ఒక్కటే ప్రాణం నిలపలేదు. ఎంత నీరు, ఎప్పుడు, ఎలా అన్న తెలివి దానికి తోడు కావాలి.

రెండవది రహదారిమీద అందిన సహాయం. రహదారి చేరువైన తరువాత ఇబ్రహీం కనిపించకుండా పోతాడు. ఒంటరిగా మిగిలిన నజీబ్ వచ్చేపోయే వాహనాలను ఆపడానికి ప్రయత్నిస్తే ఏదీ ఆగదు. చివరకు ఒక విలాసవంతమైన కారు ఆగుతుంది. దాని యజమాని అయిన అరబ్బు, నెలల మురికితో కంపుకొడుతున్న ఆ మనిషిని తన కారులో ఎక్కించుకొని రియాద్ నగరంలోని బత్హా ప్రాంతంలో దింపిపోతాడు. అతడి పేరు పాఠకుడికి తెలియదు. బందీచేసిన అర్బాబ్ భాషా, ఈ మనిషి భాషా ఒకటే. దేశమూ మతమూ ఒకటే. క్రౌర్యాన్ని ఒక జాతికి ఆపాదించే సులభమైన పఠనాన్ని బెన్యామిన్ ఈ ఒక్క ఘట్టంతో నిరోధించారు.

మూడవది కుంజిక్క ఆశ్రయం. బత్హాలో భోజనశాల నడిపే ఈ మలయాళీ, నజీబ్‌ను చేరదీసి, వైద్యం చేయించి, కోలుకునేదాకా ఉంచుకుంటాడు. పారిపోయి వచ్చినవారిని ఆదుకోవడం అతడికి అలవాటే. అందువల్ల ఇది వ్యక్తి దయగా మొదలై వ్యవస్థ లక్షణాలను సంతరించుకున్న సహాయం. పరదేశంలో వెలసిన సత్రం అనవచ్చు.

ఈ మూడు సహాయాల తరువాత కూడా నజీబ్ ఇల్లు చేరలేడు. నవల ప్రారంభమే ఈ విషయాన్ని చెబుతుంది. నజీబ్, హమీద్ అనే మరొక పారిపోయిన కార్మికుడు బత్హా పోలీసు ఠాణా ముందు నిలబడి తమను అరెస్టు చేయించుకోవడానికి పాట్లు పడుతుండగా కథ మొదలవుతుంది. కుంజిక్క అన్నం పెట్టగలడు, నీడ ఇవ్వగలడు. పాస్‌పోర్టు ఇవ్వలేడు. దేశం దాటించే అధికారం జైలుకు మాత్రమే ఉంది. దయకున్న హద్దును ఈ ప్రారంభ ఘట్టం వ్యంగ్యభరితంగా స్థాపిస్తుంది. సహాయాల కథను చెప్పకముందే ఆ సహాయాలు ఎక్కడ ఆగిపోతాయో చూపడం ఈ నిర్మాణంలోని విశేషం.

4. 'సోలీటో': శీర్షికను సవరించే కథనం

స్పానిష్‌లో 'సోలీటో' అంటే ఒంటరి, ముద్దుగా చెబితే 'ఒంటరి బుజ్జివాడు'. సమోరా తొలి కవితాసంపుటి శీర్షిక కూడా (2017) 'తోడులేనివాడు' అన్న అర్థమిచ్చేదే. తల్లిదండ్రులు లేకుండా సరిహద్దుకు వచ్చే పిల్లలను అమెరికా ప్రభుత్వ పరిభాష 'తోడులేని మైనర్లు' అంటుంది. అయితే 'సోలీటో' చదివినవారికి ఆ పిల్లవాడు ఒంటరిగా ఉన్న పుటలు చాలా తక్కువగా కనిపిస్తాయి. ప్రభుత్వ పరిభాష లెక్కలోకి తీసుకోని తోడును నమోదుచేయడమే ఈ రచన ప్రధాన కార్యం.

రెండు వారాల్లో ముగుస్తుందనుకున్న ప్రయాణం తొమ్మిది వారాలు సాగింది. తాత గ్వాటెమాలాలోని సరిహద్దు పట్టణం తెకున్ ఉమాన్ దాకా వచ్చి వెనుదిరిగాడు. అక్కడినుంచి మనుషుల్ని అక్రమంగా దాటించే దళారుల చేతుల్లో పడవమీద సముద్రం, బస్సుల్లో మెక్సికో, కాలినడకన సొనోరా ఎడారి. దారిలో పిల్లవాణ్ణి కనిపెట్టుకొని ఉండమని స్వగ్రామస్థుడైన మార్సెలోకు అప్పగించినా, ఆ బాధ్యతను అతడు పట్టించుకోడు. ఆ ఖాళీని నింపినవారు అప్పటివరకు పేరైనా తెలియని ముగ్గురు: పత్రీసియా, ఆమె కూతురు కార్లా, చీనో అనే యువకుడు. 'మనవాడు' పక్కకు తప్పుకున్న చోట పరాయివాడు ముందుకు వచ్చాడు. ఊరు, కులం, బంధుత్వం అనే వలయాలను దాటి బాధ్యత ఎలా ఏర్పడుతుందో ఈ ఘట్టాలు చూపుతాయి.

ఆ ఏర్పడే తీరు కూడా గమనార్హం. సైనికులకూ పోలీసులకూ అనుమానం రాకుండా ఈ నలుగురూ ఒకే కుటుంబంగా నటించవలసి వస్తుంది. పత్రీసియా తల్లి, చీనో తండ్రి, కార్లా అక్క. మెక్సికోవారి యాసలో మాట్లాడటం నేర్చుకుంటారు. భద్రతకోసం వేసుకున్న ఈ వేషం వారాలు గడిచేకొద్దీ నిజమవుతుంది. తినిపించడం, చేయి పట్టుకొని నడిపించడం, చలిరాత్రి పక్కన పడుకోబెట్టుకోవడం వంటి పనులు రోజూ చేయవలసి వచ్చినప్పుడు నటనకూ వాత్సల్యానికీ మధ్య గీత చెరిగిపోతుంది. ఎడారిలో నడవలేకపోయిన పిల్లవాణ్ణి చీనో వీపున మోస్తాడు. దయ ముందు పుట్టి పని తరువాత వస్తుందన్న సామాన్య భావనను ఈ రచన తలకిందులు చేస్తుంది. ఇక్కడ చేసిన పనులనుంచే దయ పుట్టింది.

కథనశైలి ఈ భావానికి అనుగుణంగా ఉంది. ముప్పై ఏళ్ళు దాటిన రచయిత తొమ్మిదేళ్ళ పిల్లవాడి గొంతుతో, వర్తమాన కాలంలో కథ చెబుతారు. పిల్లవాడికి రాజకీయాలు తెలియవు, భవిష్యత్తు తెలియదు. తెలిసినవి కళ్ళముందరి మనుషులు, వారి చేతులు, వాసనలు, మాటలు. ఆ కారణంగా సహాయం సిద్ధాంతంగా కాకుండా స్పర్శగా పాఠకుడికి అందుతుంది. దారి పొడవునా కదేహో అనే జానపద ప్రాణి తనకు కావలి ఉన్నదని పిల్లవాడు నమ్ముతాడు. రాత్రివేళ బాటసారులకు తోడునడిచే కుక్కరూపంగా మధ్య అమెరికా ప్రజలు దానిని ఊహిస్తారు. పిల్లవాడి లోకంలో కదేహోకు చోటుంది. అయినా అతణ్ణి మోసినవాడు చీనో అన్న సంగతి ఎక్కడా మరుగున పడదు. రక్షక దేవతా, రక్షించిన మనిషీ పక్కపక్కనే, ఎవరి స్థానంలో వారు ఉంటారు.

అమెరికా చేరిన తరువాత ఆ ముగ్గురి జాడ సమోరాకు తెలియలేదు. తమ కుటుంబానికి ప్రాణసమానుడైన పిల్లవాణ్ణి బతికించినవారికి కృతజ్ఞత చెప్పుకునే అవకాశం కూడా లేకపోయింది. రెండు దశాబ్దాల తరువాత వెలువడిన ఈ పుస్తకం ఆ లోటునుంచి పుట్టింది. తీర్చుకోవడానికి రుణదాత కనిపించనప్పుడు మిగిలిన ఒకే మార్గం ఆ రుణాన్ని వివరంగా లెక్క రాయడం.

5. దైవీకరణ: కృతజ్ఞత, విస్మృతి

రెండు రచనల్లోనూ సహాయకులు అదృశ్యమవుతారు. ఆ అదృశ్యానికి రెండు కథనాలూ ఇచ్చిన అర్థాలు వేరు. గాఢ విశ్వాసి అయిన నజీబ్‌కు ఇబ్రహీం దైవం పంపినవాడు, ఎడారి దాటించిన ప్రవక్తతో సమానుడు. పని పూర్తికాగానే కనుమరుగు కావడం ఆ భావనను బలపరుస్తుంది. ఆగిన కారులోనూ అతడు దైవకృపనే చూస్తాడు. ఈ విశ్వాసాన్ని తక్కువచేయడం సరికాదు. మూడేళ్ళ నరకంలో నజీబ్‌ను నిలబెట్టినది అదే. ఉత్తమ పురుషలో సాగే కథనంలో పాత్ర విశ్వాసమే కథన దృక్కోణం కావడం సహజం.

విమర్శకుడు నజీబ్‌లాగే చదివి అక్కడితో ఆగినప్పుడు చిక్కు వస్తుంది. ఇబ్రహీం ఖాదిరిని దైవదూతగా స్వీకరించిన తరువాత అతడి గురించి అడగవలసిన ప్రశ్నలు మిగలవు. దైవదూతకు దాహం వేయదు, ఇల్లు ఉండదు, పట్టుబడతానన్న భయం ఉండదు. నవల మాత్రం భిన్నమైన ఆధారాలను ఇస్తున్నది. ఇబ్రహీం కూడా మరొక యజమాని కింద మేకలు కాసినవాడే. నజీబ్ ఎంత దూరం నడిచాడో అతడూ అంతే నడిచాడు. పట్టుబడితే నజీబ్‌కు ఎంత శిక్ష ఉందో అతడికీ అంతే ఉంది. సోమాలియాలో అతడికోసం ఎదురుచూసేవారు ఉండి ఉండవచ్చు. రహదారి చేరిన రాత్రి అతడు ఎక్కడికి వెళ్ళాడు? పట్టుబడ్డాడా? బతికాడా? నవల ఈ ప్రశ్నలకు సమాధానం ఇవ్వదు. కానీ వాటిని అడగడానికి కావలసిన సమాచారం మొత్తం ఇచ్చింది. నజీబ్ దైవాన్ని చూసిన చోట బెన్యామిన్ ఒక తోటి బానిసను కూడా నిలిపి ఉంచారు. పాత్ర చూపుకూ రచయిత చూపుకూ గల ఈ అంతరాన్ని గుర్తించడం విమర్శ బాధ్యత.

ఇక్కడే రంతిదేవుని కథతో పోలిక ఉపకరిస్తుంది. ఆ కథలో దైవత్వం అతిథి వైపు ఉంది. వలస కథనంలో అది దాత వైపుకు మళ్ళింది. ఈ మార్పు యాదృచ్ఛికం కాదు. అతిథికి అన్నం దొరకడం సాధారణమని భావించే సమాజంలో దాతను అద్భుతంగా చూడవలసిన అవసరం తక్కువ. దారిన పోయేవాడికి నీళ్ళు పోసేవారే ఉండరన్న స్థితి వచ్చినప్పుడు పోసినవాడు దేవుడవుతాడు. కాబట్టి 'దేవుడిలా వచ్చాడు' అన్న మాట సహాయకుడి గొప్పతనాన్ని ఎంత చెబుతుందో, సహాయం ఎంత అరుదైపోయిందో కూడా అంతే చెబుతుంది. ఒకనాడు బాటసారి అర్హతగా ఉన్నది ఈనాడు అతడి అదృష్టంగా మారింది.

'సోలీటో' ఈ దైవీకరణకు లోనుకాకపోవడానికి దాని జ్ఞాపక పద్ధతి కారణం. పత్రీసియా విసుగు, కార్లా అలకలు, చీనో భయం ఆ రచనలో దాచబడలేదు. లోపాలతో సహా గుర్తుంచుకున్నందువల్ల వారు మనుషులుగా మిగిలారు. కృతజ్ఞతకు ఆరాధన ఒక రూపమైతే, వివరం మరొక రూపం. సహాయకుడికి రెండవది ఎక్కువ న్యాయం చేస్తుంది.

6. దయ అవసరమైన పరిస్థితులు

అపరిచితుల దయను మెచ్చుకునే పఠనం మరొక అంశాన్ని కూడా మరుగున పడవేయగలదు. ఆ దయ ఎందుకు అవసరమైంది? నజీబ్‌ను బంధించిన ఇసుక వెనుక 'కఫాలా' పద్ధతి ఉంది. ఈ పద్ధతిలో విదేశీ కార్మికుడి నివాసార్హత అతణ్ణి రప్పించుకున్న యజమానితో ముడిపడి ఉంటుంది. అనుమతి లేకుండా పని వదిలినవాడు 'పరారీ' అయినవాడిగా చట్టం దృష్టిలో నేరస్థుడవుతాడు. 2021లో సౌదీ ప్రభుత్వం తెచ్చిన సంస్కరణలు కొన్ని రంగాల్లో ఉద్యోగం మారే వీలు కల్పించినా, ఇంటిపని, వ్యవసాయపని చేసేవారు వాటి పరిధిలోకి రాలేదు. నవలలో జైలుకు వచ్చిన అర్బాబ్ నజీబ్‌ను గుర్తించి కూడా, ఇతడు తన వీసామీద వచ్చినవాడు కాదని వదిలి వెళ్ళడం ఈ పద్ధతిపై తీవ్రమైన వ్యాఖ్య. తాను ఆ యజమానికి చెందినవాడే కాదనీ, విమానాశ్రయంనుంచి అపహరణకు గురయ్యాననీ నజీబ్ గ్రహించేది అప్పుడే. మనుషుల మొరకు విడుదల కానివాడు ఒక కాగితం లేనందువల్ల విడుదలయ్యాడు.

సమోరా నడిచిన ఎడారికీ ఇటువంటి చరిత్ర ఉంది. 1994లో అమెరికా సరిహద్దు గస్తీదళం చేపట్టిన వ్యూహం పట్టణ ప్రాంతాల్లోని దాటుడు మార్గాలను కట్టడిచేసి, వలసదారులను జనసంచారం లేని కఠినమైన భూభాగాలవైపు నెట్టింది. ఎడారి సహజమైనదే. ఒక పిల్లవాడు దానిగుండా నడవవలసి రావడం మాత్రం విధాన నిర్ణయం ఫలితం. అదే అరిజోనా ఎడారిలో దయ చూపడం నేరారోపణకు దారితీసిన ఉదంతమూ ఉంది. ఇద్దరు వలసదారులకు అన్నం, నీళ్ళు, ఆశ్రయం ఇచ్చినందుకు స్కాట్ వారెన్ అనే స్వచ్ఛంద సేవకుడు 2018 జనవరిలో అరెస్టయ్యారు. తొలి విచారణలో జూరీ ఏకాభిప్రాయానికి రాలేదు. 2019 నవంబరులో ఆయన నిర్దోషిగా విడుదలయ్యారు. ఫ్రాన్స్‌లో ఇటువంటి సహాయానికే శిక్ష పడిన సెడ్రిక్ హెర్రూ అనే రైతు వివాదంలో, 2018 జులైలో ఆ దేశ రాజ్యాంగ మండలి సౌభ్రాతృత్వానికి రాజ్యాంగ విలువ ఉందని ప్రకటించింది. నీళ్ళు పోయడం సరైనదా కాదా అన్నది న్యాయస్థానాలు తేల్చవలసిన స్థితికి చేరిన కాలంలో ఈ రచనలు వచ్చాయి. సహాయకుడి దయను అతడు ఎదుర్కొన్న ప్రమాదంనుంచి విడదీసి చదవకూడదనడానికి ఇది చాలు.

7. తెలుగు విమర్శకు ప్రాసంగికత

గల్ఫ్ వలస తెలుగు నేలకు దూరపు విషయం కాదు. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాలనుంచి, కడప, గోదావరి జిల్లాలనుంచి దశాబ్దాలుగా ఈ వలస సాగుతున్నది. యజమానిని వదిలి బయటపడి, కాగితాలు లేకుండా బతికేవారిని సూచించడానికి గల్ఫ్ కార్మికుల వాడుకలో 'ఖల్లివెల్లి' అన్న మాట స్థిరపడింది. ఆ ఒక్క మాటలో నజీబ్ బత్హాలో గడిపిన నెలల స్థితి మొత్తం ఇమిడి ఉంది. పెద్దింటి అశోక్ కుమార్ 'ఎడారి మంటలు' వంటి నవలలు ఈ వలసను సాహిత్య వస్తువుగా చేశాయి. ఇటువంటి రచనలను చదివేటప్పుడు మోసపోయినవాడూ మోసగించినవాడూ అనే రెండు స్థానాల మధ్య మూడవ స్థానం ఒకటి ఉన్నదని గుర్తించాలి. గదిలో చోటిచ్చినవాడు, రాయబార కార్యాలయం దాకా తోడు వెళ్ళినవాడు, విమాన టిక్కెట్టుకోసం చందా పోగుచేసినవాడు ఆ స్థానంలో ఉంటారు. వారిలో ఎక్కువమంది తాము కూడా అదే ముప్పులో ఉన్నవారు. 'ఎవరో దేవుడిలా ఆదుకున్నాడు' అని పాత్ర చెప్పి ఊరుకున్న చోట, ఆ 'ఎవరో' ఎవరని అడగడం పరిశోధకుడి పని. తిరిగివచ్చినవారి మౌఖిక కథనాలను సేకరించేవారు కూడా ఈ ప్రశ్నను తమ ప్రశ్నావళిలో చేర్చుకోవడం అవసరం. బాధితుడి అనుభవం నమోదైనంతగా సహాయకుడి అనుభవం నమోదు కాకపోతే, ఆ సహాయాన్ని సాధ్యంచేసిన సామూహిక జ్ఞానం కూడా పోతుంది.

8. ముగింపు

పై పరిశీలననుంచి ఈ క్రింది అంశాలు తేలుతున్నాయి.

1. ప్రమాదకర వలస ప్రయాణ కథనాల్లో అపరిచితుల సహాయం కథను నడిపించే నిర్మాణాంశం. 'ఆడుజీవితం'లో అది తోటి బాధితుడు, బాటన పోయే ధనికుడు, స్థిరపడిన స్వభాషీయుడు అనే మూడు స్థాయుల్లో కనిపిస్తే, 'సోలీటో'లో నటించిన కుటుంబం నిజమైన కుటుంబంగా మారడంలో కనిపిస్తుంది.

2. రెండు రచనల్లోనూ దయ కేవలం భావోద్వేగం కాదు. చుక్క చుక్కగా నీళ్ళు తాగించిన ఇబ్రహీం వద్ద అది అనుభవజ్ఞానం. పత్రీసియా, చీనోల వద్ద అది ప్రతిరోజూ చేసిన శ్రమ.

3. రంతిదేవుని కథలో గ్రహీతకున్న దైవత్వం వలస కథనంలో దాతకు సంక్రమించింది. బాటసారి తన అర్హతను కోల్పోయిన స్థితికి ఇది సూచన.

4. సహాయకుణ్ణి దైవంగా మాత్రమే చదివితే అతడి భయం, నష్టం, అనంతర జీవితం కనుమరుగవుతాయి. పాత్ర విశ్వాసాన్ని గౌరవిస్తూనే రచయిత అందించిన మానవీయ ఆధారాలను విమర్శ వెలికితీయాలి.

5. దయ ప్రాణాన్ని నిలపగలదు, హక్కును ఇవ్వలేదు. ఠాణా ముందు అరెస్టుకోసం నిలబడిన నజీబ్ దీనికి సాక్ష్యం. అందువల్ల దయను కీర్తించే పఠనం, దానిని అవసరం చేసిన చట్టాలనూ విధానాలనూ ప్రశ్నించే పఠనంగా కూడా ఉండాలి.

నజీబ్ ఇల్లు చేరాడు. తొమ్మిదేళ్ళ పిల్లవాడు తల్లిదండ్రులను చేరి, పెరిగి, కవి అయ్యాడు. ఇబ్రహీం ఖాదిరి ఏ రహదారి పక్కన మిగిలిపోయాడో, పత్రీసియా, కార్లా, చీనో ఏ ఊళ్ళో ఏ పనిచేస్తూ బతుకుతున్నారో ఆ రచనలు చెప్పవు. వలస సాహిత్య అధ్యయనం వారినీ తన పరిధిలోకి తీసుకున్నప్పుడే అది ప్రయాణం మొత్తాన్ని చదివినట్లవుతుంది.